కొమరయ్య జాలీలో కోడి చావదు

కొత్తపేట రైతుబజారు వెనక సందులో చికెన్ దుకాణాలు వరసగా ఉంటాయి. అన్నిట్లోనూ ఒకే రకం కోళ్ళు, ఒకే బండి మీంచి దిగినవి. అన్నిటి ముందూ ఒకే రేటు బోర్డు. అయినా ఆదివారం పొద్దున జనం కొమరయ్య దుకాణం ముందే గుమిగూడేవాళ్ళు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే కొమరయ్య కత్తి ఆపకుండా, తలెత్తకుండా చెప్పేవాడు.

"మన జాలీల కోడి తూగదు."

ఆ ఒక్క మాట మీద అతను సంసారం నడిపాడు, కూతురి పెళ్ళి చేశాడు. కోడిని కొనేవాళ్ళకు తెలిసిన పరీక్ష ఒక్కటే. ఇనప జాలీలోకి తొంగి చూస్తారు. కోడి కాళ్ళ మీద నిలబడిందా, కళ్ళు తెరిచి ఉందా, అంతే. రెక్కలు వేలాడేసి తూగుతున్న కోడి ఒక్కటి కంటబడిందంటే మిగతావాటి మీద కూడా నమ్మకం పోయి పక్క దుకాణానికి నడుస్తారు. కొమరయ్య కోళ్ళు మాత్రం ఎండలు మండినా, ముసురు పట్టినా మెడలు నిక్కించి నిలబడేవి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ కాలనీలోనే స్థిరపడిన విజయదుర్గ అనే రిటైర్డ్ టీచరమ్మ వచ్చినప్పుడల్లా ముచ్చటపడేది.

"నీ దగ్గర కోడి ఎప్పుడూ హుషారుగా ఉంటుంది కొమరయ్యా. ఏం పెడతావు దానికి?"

"ప్రేమతోని ఇన్ని నీళ్ళు పెడ్తనమ్మా" అని కొమరయ్య నవ్వేవాడు.

నీళ్ళు పెట్టే మాట నిజమే. ఆ నీళ్ళలో ఏముందో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ నీళ్ళ విద్య అతనికి తుర్కయంజాల్ దాటాక ఒక కోళ్ళ ఫారంలో పట్టుబడింది. నల్గొండ పల్లెలో కూలి దొరకని కరువులో భార్య సాయమ్మను వెంటబెట్టుకుని వచ్చి, ఆ ఫారంలో షెడ్డు పనికి కుదిరాడు. అక్కడ కోళ్ళకు కాలు కదిపే చోటుండదు. ఒకదానికి ముక్కు కారితే తెల్లారేసరికి షెడ్డంతా తుమ్మేది. అందుకని జబ్బు వచ్చేదాకా ఆగకుండా, ముందే నీళ్ళలో లేత పసుపుపచ్చ పొడి ఒకటి కలిపేవాళ్ళు. పొడి తాగిన కోళ్ళు చావవు, పైగా తొందరగా ఒళ్ళు చేస్తాయి. ప్యాంటూ చొక్కా వేసుకున్న సూపర్‌వైజర్లే దగ్గరుండి కలిపించారు కాబట్టి, అది మందు అని గానీ, మందుకు ఒక హద్దు ఉంటుందని గానీ కొమరయ్యకు తట్టలేదు. తవుడు ఎలాగో అదీ అలాగే అనుకున్నాడు.

కొన్నేళ్ళకు సరూర్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని, కొత్తపేటలో సొంతంగా దుకాణం పెట్టాడు. పెట్టాక తెలిసింది, ఈ ఊళ్ళో మాంసం తినేవాళ్ళకంటే మాంసం తినని రోజులు ఎక్కువని. మంగళవారం కొందరు ముట్టరు. గురువారం బాబా గుడికి పోయేవాళ్ళు ముట్టరు. శనివారం వెంకన్న భక్తులు ముట్టరు. శ్రావణం, కార్తీకం వచ్చాయంటే సందులో ఈగలు తప్ప ఎవరూ తిరగరు. అందరి భక్తి భారమూ వచ్చి కొమరయ్య జాలీ మీద పడేది. అమ్ముడుపోని కోళ్ళు ఒకదాని రెట్టలో ఒకటి నిలబడి, ఒకటి తూగితే రెండోది, రెండోది తూగితే మూడోది. అప్పుడతనికి ఫారం పొడి గుర్తొచ్చింది. కోళ్ళ బండి తోలే మట్టయ్యను అడిగితే, అదేమంత పెద్ద పని అన్నట్టు మర్నాడే ప్యాకెట్ తెచ్చి చేతిలో పెట్టాడు. డాక్టరు చీటీ అడిగినవాడు లేడు. తొట్టి నీళ్ళలో చిటికెడు కలిపితే కార్తీకమంతా కోళ్ళు కొయ్యబొమ్మల్లా నిలబడ్డాయి.

మొదట్లో చిటికెడు చాలింది. పోనుపోను చెంచా కావలసి వచ్చింది, ఆ తర్వాత నిండు చెంచా. "పొడిల గూడ కల్తీ జేస్తున్నరేంరా" అని కొమరయ్య మట్టయ్య మీద విసుక్కునేవాడు. పొడిలో కల్తీ ఏమీ లేదు. కోడి కడుపులో ఉండే క్రిములే ఆ పొడికి అలవాటు పడిపోయాయి. కానీ ఆ సంగతి ఆ సందులో ఎవరికి తెలుసు. తెలిసినవాళ్ళు ఆ సందుకు చికెన్ కోసం వస్తారు గానీ, చెప్పడానికి రారు.

ఇక్కడ ఇంకో అలవాటు సంగతి చెప్పాలి. చికెన్ కొట్టే చేతికి గాట్లు పడకుండా ఉండవు. పక్క దుకాణాల్లో తెగిన వేలికి పసుపు అద్దేవాళ్ళు. కొమరయ్య దుకాణంలో కోళ్ళ పొడి అద్దేవాళ్ళు. ఈ ఆచారం మొదలుపెట్టింది సాయమ్మ. ఆమె మొగుడి పక్కనే పీట వేసుకుని కందనకాయలు చీల్చి, లోపలి తోలు ఒలిచే పని చేసేది. ఆ తోలు ఒలిచేటప్పుడు కత్తి జారి వేలికి తగలడం మామూలే. పొడి అద్ది, గుడ్డ పేలిక చుట్టి, మళ్ళీ అదే బకెట్ నీళ్ళలో చేతులు ముంచేది. "కోడిని బతికిచ్చేది మనిషిని బతికియ్యదా" అనేది. పొడి చూడ్డానికి పసుపులాగే ఉండేది కాబట్టి దాని మీద పసుపు మీద ఉన్నంత నమ్మకం. చాలా ఏళ్ళు గాయాలు మానాయి కూడా. పొడి వేయకపోయినా మానేవేమో, ఆ పరీక్ష ఎవరూ చేయలేదు.

వాళ్ళు యేసు బిడ్డలు. కానీ లోకమంతా కోడి తినేది ఆదివారమే కనుక ఆదివారం గుడి ముఖం చూసే యోగం కొమరయ్యకు లేదు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారే దుకాణానికి వచ్చి, స్కిన్‌లెస్ తీసుకుని, అక్కడే నిలబడి రెండు మాటలు ప్రార్థన చేసి పోయేవాడు. దేవుడు తనను లెక్కలోంచి తీసెయ్యలేదన్న ధైర్యం కొమరయ్యకు అంతమాత్రమే.

కూతురు జోస్నాను తుర్కయంజాల్‌లో ఇచ్చారు. అల్లుడు ట్రాలీ ఆటో నడుపుతాడు, నెమ్మదస్తుడు. తొలి కాన్పుకు జోస్నా పుట్టింటికి వచ్చింది. ఎల్‌బీనగర్‌లో ఒక దవాఖానలో ఆడపిల్లను కన్నది. పిల్ల పుష్టిగా ఉంది, గట్టిగా ఏడ్చింది. కొమరయ్య ఆ రోజు దుకాణం మూసేశాడు. కూతురి పెళ్ళినాడు తప్ప అతను దుకాణం మూసినది అదే.

ఇంటికి పంపేటప్పుడు నర్సు జోస్నాకు గట్టిగా చెప్పింది. బొడ్డు మీద ఏమీ పెట్టొద్దు, పసుపు వద్దు, బూడిద వద్దు, నూనె వద్దు, పొడిగా వదిలేయండి, అదే ఎండి రాలుతుంది అని. జోస్నా ఇంటర్ చదివింది, ఆ మాట గుర్తు పెట్టుకుంది. సాయమ్మ పెట్టుకోలేదు.

పిల్లకు నీళ్ళు పోసే పని సాయమ్మదే. పొద్దున దుకాణంలో కందనకాయలు ఒలిచి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుని, కాళ్ళు చాపుకుని పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకునేది. ఆమె వేలికి అప్పుడొక గాయం ఉంది. ఎన్నిసార్లు పొడి అద్దినా మానకుండా, అంచుల్లో చీము తేలుతున్న గాయం. ఆమె దాన్ని లెక్కచేయలేదు. పని చేసే చేతికి గాయం ఉండదా అనుకుంది. మనవరాలి ఒంటికి నూనె రాసేటప్పుడు ఆమె ముఖంలో ఎంత సంతోషం ఉండేదో కొమరయ్య గుమ్మంలో నిలబడి చూసేవాడు.

వారం తిరక్కుండానే బొడ్డు తడిగా కనబడింది, కొంచెం వాసన వచ్చింది.

"దవాఖానకు పోదామమ్మా" అంది జోస్నా.

"గింత తడికే దవాఖాననా. నీకు గిట్లనే అయితె నేను పోయిన్నా? పసుపు పెట్టిన, మానింది" అంది సాయమ్మ. మొగుడి వైపు తిరిగి, "రేపొచ్చేటప్పుడు మన పొడి జర కాయితంల కట్టుకరాయ్యా. పసుపు కంటె అదే మంచిది" అంది.

"సిస్టర్ ఏం పెట్టొద్దన్నది" అని జోస్నా గొణిగింది.

"సిస్టర్‌కు పెండ్లి గూడ కాలేదు" అని సాయమ్మ నవ్వేసింది.

కొమరయ్య మర్నాడు పొడి తెచ్చాడు. తడవకుండా జేబులో పెట్టుకుని, దారిలో రెండుసార్లు తడిమి చూసుకుని మరీ తెచ్చాడు. చీము పట్టిన వేలితోనే సాయమ్మ ఆ పొడిని పిల్ల బొడ్డు మీద అద్దింది. ప్రేమగా అద్దింది. ఆ ప్రేమలో వంక పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆ మర్నాటికి పిల్ల పాలు తాగడం మానేసింది. ఏడుపు సన్నబడింది. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడి, బొడ్డు చుట్టూ ఎర్రగా పాకింది. అల్లుడు ట్రాలీ ఆటోలోనే అందరినీ ఎక్కించుకుని ఎల్‌బీనగర్ పరిగెత్తించాడు. పిల్లల డాక్టరు కృష్ణకుమారి పిల్లను చూసి ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి తీసుకుపోయింది. నెత్తుట్లోకి క్రిములు ఎక్కాయని, పరీక్షకు పంపామని, ఈలోగా మందు మొదలుపెట్టామని తర్వాత బయటికి వచ్చి చెప్పింది. మొదటి మందుకు జబ్బు తగ్గలేదు. మందు మార్చారు. దానికీ తగ్గలేదు. గాజు పెట్టెలో పిల్ల చేతికి సూదులు, ముక్కుకు గొట్టం. జోస్నా కుట్ల నొప్పితో ఆ పెట్టె ముందు నిలబడి ఉండేది, కూర్చోమంటే కూర్చునేది కాదు.

డాక్టరు సాయమ్మ వేలి కట్టు చూసి, విప్పించి, ఆ చీమునూ పరీక్షకు పంపింది. రెండు పరీక్షలూ వచ్చాక కొమరయ్య ఒక్కణ్ణే గదిలోకి పిలిచింది.

"మీరేం చేస్తుంటారండీ?"

"చికెన్ దుకాణం మేడం."

"కోళ్ళకు ఏమన్నా మందు వాడతారా?"

కొమరయ్య చెప్పాడు. మొదట నీళ్ళ సంగతి, తర్వాత వేళ్ళ సంగతి, చివరికి బొడ్డు సంగతి. చెబుతుంటేనే అతనికి అర్థమైపోతోంది. ఆమె కోప్పడితే బాగుండుననిపించింది. ఆమె కోప్పడలేదు, అలసిపోయి ఉంది.

"జబ్బు లేని కోడికి రోజూ కొంచెం కొంచెం మందు తాగిస్తే, మెత్తటి క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. ఆ మొండివే పెరుగుతాయి. వాటికి మీ పొడి ఒక్కటే కాదు, మా మందులు కూడా చాలావరకు పనిచెయ్యవు. ఆవిడ వేలిలో ఉన్నదీ, పాప నెత్తుట్లో ఉన్నదీ ఒకటే రకం."

"మా జాలీల నుంచే వచ్చిందా మేడం?"

"మీ జాలీ నుంచా, ఫారం నుంచా, బకెట్ నుంచా, నేను చెప్పలేను. నేను వండుకునే చికెన్‌లోనూ ఉండొచ్చు. ఉడికితే చస్తాయి. పచ్చి మాంసం పట్టుకున్న చేతులకే ప్రమాదం. ఆవిడ వేలికి కూడా సూదులు కావాలి. ఇంకెప్పుడూ ఆ పొడి గాయం మీద వేయొద్దని ఆవిడకి మీరే నచ్చజెప్పండి."

బయట బల్ల మీద సాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. "ఏమన్నదయ్యా మేడం?" అని లేచింది.

"పాపకు పుట్టుకతోనే బలం లేదంట" అన్నాడు కొమరయ్య. "నీకు షుగర్ ఉన్నట్టుందంట. వేలికి సూదులు ఏపిచ్చుకోవాలె."

ఆమె గుండె పగులుతుందని దాచానని అతను తనకు తాను చెప్పుకున్నాడు. అది సగమే నిజం. నిజం చెబితే, పొడి కాయితంలో కట్టి తెచ్చింది ఎవరని ఆమె అడుగుతుంది. ఏళ్ళ తరబడి తొట్టిలో కలిపింది ఎవరని అడుగుతుంది. ఆ అడగడాన్ని తట్టుకునే శక్తి కొమరయ్యకు లేదు. మనిషి పిరికివాడు, ఆ రోజు ఇంకా పిరికివాడయ్యాడు.

కొత్త సూదులకు సాయమ్మ వేలు మానింది. పిల్ల దక్కలేదు. ఇంకా పేరు కూడా పెట్టలేదు. పాస్టరుగారు సమాధి దగ్గర ప్రార్థన చేస్తూ దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు అన్నాడు. కొమరయ్య తల దించుకున్నాడు. దేవుడి మీదికి నెట్టేస్తుంటే ఊరుకున్నాడు.

జోస్నా అత్తగారింటికి వెళ్ళే రోజున తండ్రి ఆమె సంచి మోసుకుని ఆటో దాకా వెళ్ళాడు. ఆటో ఎక్కి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఆమె అతని ముఖం చూడకుండా అంది.

"సిస్టర్ ఏం పెట్టొద్దన్నది డాడీ."

అంతకు మించి ఏమీ అనలేదు. అని ఉంటే అతను ఏడ్చేవాడు, ఆమె కాళ్ళు పట్టుకునేవాడు. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా ఆటో కదిలిపోయింది.

కొమరయ్య ప్యాకెట్లన్నీ మోరీలో పారబోశాడు. మోరీ ఎక్కడికి పోతుందని ఆలోచించలేదు. దుకాణంలో సబ్బు పెట్టాడు, బకెట్ నీళ్ళు మాటిమాటికీ మార్చాడు, తొట్టిలో ఉత్త నీళ్ళే పోశాడు. వారం తిరిగేసరికి జాలీలో కోళ్ళు తూగడం మొదలుపెట్టాయి. కార్తీకం వచ్చింది, గిరాకీ పడిపోయింది, ఒకటొకటిగా చచ్చిపోయాయి. విజయదుర్గమ్మ ఒక ఆదివారం వచ్చి, జాలీలోకి తొంగి చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"అదేంటి కొమరయ్యా, అలా ఉన్నాయేంటి? ఈ మధ్య నువ్వు శ్రద్ధ పెట్టడం లేదు" అని పక్క దుకాణానికి నడిచింది. పక్క దుకాణం కోళ్ళు మెడలు నిక్కించి నిలబడి ఉన్నాయి. వాటి తొట్టి నీళ్ళు లేత పసుపు రంగులో ఉన్నాయి. అంత చదువుకున్న మనిషి ఆ నీళ్ళ వైపు చూడనే లేదు.

మట్టయ్య బండి మీంచి కోళ్ళు దించుతూ నవ్వాడు. "నువ్వొక్కనివి ఆపితే ఏమైతదన్నా. నా బండెక్కకముందే అవి పుట్టినకాడి నుంచి తాగొచ్చినయి. మేతల గూడ కలుపుతరు. ఆపి నువ్వు బాగుపడేదేం లేదు, అవి బాగుపడేదేం లేదు" అని, అడక్కపోయినా రెండు ప్యాకెట్లు గల్లా పెట్టె మీద పెట్టి పోయాడు. కొమరయ్య వాటిని పారేద్దామనుకున్నాడు. రేపు పారేద్దామనుకున్నాడు. ప్యాకెట్లు అక్కడే ఉన్నాయి.

ఒక ఆదివారం పొద్దున అతను కత్తి నూరుకుని వచ్చేసరికి సాయమ్మ అప్పటికే దుకాణం తెరిచింది. పిల్ల పోయిన తర్వాత ఆమె ముఖంలో మొదటిసారి కాస్త వెలుగుంది. తెల్లారగట్ల దిగిన కొత్త కోళ్ళ జాలీ దగ్గర వంగుని చేత్తో తొట్టి నీళ్ళు కలుపుతోంది. నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి, ఎప్పుడూ లేనంత చిక్కగా ఉన్నాయి.

"ఏం జేస్తున్నవే?"

"నువ్వు మర్సిపోతున్నవని నేనే కలిపిన. రొండు చెంచాలేసిన" అంది. చెయ్యి చీరకు తుడుచుకుంది. "మనది తక్కువేసే చెయ్యి అయ్యా. ఆ పొద్దు పాపకు గూడ పిసినారి లెక్క చిటికెడే అద్దిన. మంచిగ నిండ అద్ది గుడ్డ కట్టినుంటే బతుకుతుండె. రోజూ గదే యాదికొస్తది నాకు."

కొమరయ్య చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఈమె మోస్తున్నది ఇదా అనుకున్నాడు. తను చెప్పిన అబద్ధం ఆమెకు ఊరట ఇచ్చిందనుకున్నాడు. ఆమె ఆ అబద్ధాన్ని నమ్మనూ లేదు, నిజమూ తెలియక, తనకు తోచిన నేరమొకటి తన మీదే వేసుకుంది.

సాయమ్మ రెండో ప్యాకెట్ అందుకుని, దాని మూతి మడిచి, రబ్బరు బ్యాండు వేసి, కొంగులో ముడి వేసుకోబోయింది.

"గదెందుకు?"

"ఇంట్ల పెడ్త. పొద్దుగాల జోస్నా ఫోన్ చేసింది. నెల తప్పిందంట" అంది, మెల్లగా, దిష్టి తగులుతుందేమోనన్నట్టు. "గీసారి ముందుగాల్నే తయారు పెట్టుకుందాం. తక్కువ కానియ్య."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు. కొమరయ్యకు ఆ సంగతి తెలుసు. కత్తి గల్లా పెట్టె మీద పెట్టాడు.

"సాయమ్మా, గా పొడి..."

"ఏంది?"

దుకాణం ముందు నుంచి విజయదుర్గమ్మ గొంతు వినిపించింది. "ఇవాళ కోళ్ళు మళ్ళీ బాగున్నాయి కొమరయ్యా. నాకొకటి చూడు" అంటోంది. సాయమ్మ మొగుడి ముఖంలోకి చూస్తూ నిలబడి ఉంది. ఆమె కళ్ళలో ఆశ ఉంది.

"తడి తగలకుండ పెట్టు" అన్నాడు కొమరయ్య. జాలీ తలుపు తీసి, లోపలికి చెయ్యి పెట్టి, నిక్కి నిలబడ్డ కోడినొకదాన్ని కాళ్ళు పట్టి బయటికి తీశాడు.